ఒక్కో ఎలక్ట్రాన్ తన దారిన తాను పోతుంటే, ప్లాస్మా అంతా ఒక్కటిగా ఎలా కదులుతోంది?

సందేహి
డిగ్రీ మూడో సంవత్సరం పిల్లలకు ఈ నెలలో ప్లాస్మా, అంటే ఎలక్ట్రాన్లూ అయాన్లూ (ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న పరమాణువులు) విడివిడిగా తిరిగే వాయువు, పాఠం చెప్పవలసి ఉంది. పుస్తకంలో మొదటి అధ్యాయం ఒకే ఒక ఎలక్ట్రాన్‌ను తీసుకుని, అయస్కాంత క్షేత్రంలో అది ఎలా మెలికలు తిరుగుతూ పోతుందో చక్కగా లెక్కగట్టి చూపిస్తుంది. తర్వాతి అధ్యాయం తెరవగానే ఆ ఎలక్ట్రాన్ మాయమై, దాని చోట సాంద్రత, పీడనం, ప్రవాహవేగం వచ్చి కూర్చుంటాయి. ఇంకో పది పేజీలు తిప్పితే తరంగాలు కూడా పుట్టేస్తాయి. ఈ రెండు అధ్యాయాల నడుమ ఏం జరిగిందో చెప్పే పేజీ నాకు దొరకలేదు.

గాలిలో ధ్వని విషయంలో నాకు ఇబ్బంది లేదు. నేలమట్టాన గాలి అణువు సుమారు 70 నానోమీటర్లు పోయేసరికే ఇంకొక అణువును ఢీకొంటుంది కనుక, ఒకచోటి ఒత్తిడి పక్కచోటికి అందుతుంది. కానీ సూర్యుడి నుంచి వీచే ప్లాస్మా అయిన సౌరపవనంలో, భూమి దగ్గర ఘనసెంటీమీటరుకు సుమారు 5 ప్రోటాన్లు మాత్రమే ఉంటాయి, ఒక కణం ఇంకొకదానితో గట్టిగా ఢీకొనేలోపు సుమారు 15 కోట్ల కిలోమీటర్లు, అంటే సూర్యుడికీ భూమికీ ఉన్నంత దూరం పోతుంది. అయినా భూమికి సూర్యుడివైపు సుమారు 90 వేల కిలోమీటర్ల దూరంలో ఒక షాక్ తరంగం నిలబడి ఉంది, సౌరపవనం అక్కడికి రాగానే ఒక్కసారిగా నెమ్మదించి వేడెక్కుతుంది. ఒకదాన్నొకటి తాకని కణాలకు ఆ సంగతి ఎవరు చెబుతున్నారు?

తూర్పుగోదారి
మా ఊళ్లో కోలాటం చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తుకు వస్తుంది. ఆడే మనిషికి తన ఎదుటివారి కర్ర తప్ప ఇంకేమీ పట్టదు, అయినా దూరంగా అరుగు మీద కూర్చున్న వారికి వలయం మొత్తం విచ్చుకుని ముడుచుకున్నట్టు కనిపిస్తుంది. ప్లాస్మా కూడా అటువంటిదే అనుకుంటాను.

లెక్కలపంతులు
తూర్పుగోదారి గారి పోలిక అందంగా ఉంది గానీ, సరిగ్గా అసలు చోటనే తప్పుతుంది. కోలాటంలో పక్కవాడే ముఖ్యం, వరుస ముందే నేర్చుకున్నది. ప్లాస్మాలో పక్కవాడికి దాదాపు విలువ లేదు, నేర్చుకున్న వరుసా లేదు. ఈ మాట లెక్కతో చూపిస్తాను, ఎందుకంటే సందేహి గారికి దొరకని పేజీ ఇదే.

మన తల మీదే ఉన్న అయనోస్ఫియర్‌ను, అంటే వాతావరణం పైభాగాన ఉన్న ప్లాస్మా పొరను తీసుకోండి. పగటిపూట దాని పై పొరలో ఘనమీటరుకు సుమారు లక్ష కోట్ల ఎలక్ట్రాన్లు, ఉష్ణోగ్రత సుమారు 1000 కెల్విన్ అనుకుందాం. అప్పుడు పక్కపక్క ఎలక్ట్రాన్ల మధ్య దూరం పదోవంతు మిల్లీమీటరు. ఆ దూరంలో వాటి మధ్య ఉన్న కూలుమ్ శక్తి (ఆవేశాల వికర్షణ వల్ల ఉండే శక్తి), వాటి ఉష్ణశక్తిలో సుమారు ఆరువేలవ వంతు మాత్రమే. అంటే పక్కవాడు ఉన్నాడో లేడో కూడా పట్టించుకోకుండా ఎలక్ట్రాన్ దూసుకుపోతుంది. పక్కవాడు దానిమీద కలిగించే విద్యుత్ క్షేత్రం మీటరుకు సుమారు 0.14 వోల్టు.

ఇప్పుడు ఒక పలకలాంటి ప్రాంతంలోని ఎలక్ట్రాన్లన్నీ, అయాన్లను ఉన్నచోటే వదిలేసి, 1 మిల్లీమీటరు పక్కకు జరిగాయనుకోండి. ఒక చివర ధనావేశం, ఇంకో చివర రుణావేశం బయటపడి, మధ్యలో పుట్టే క్షేత్రం మీటరుకు సుమారు 18 వోల్టులు, అంటే పక్కవాడి క్షేత్రానికి 120 రెట్లకు పైన. ఈ క్షేత్రం పలకలోని ప్రతి ఎలక్ట్రాన్‌నూ ఒకే దిక్కుకు లాగుతుంది. అవి వెనక్కి వస్తాయి, జడత్వం వల్ల ఆగలేక అవతలికి దాటుతాయి, మళ్లీ వెనక్కి వస్తాయి. సెకనుకు సుమారు 90 లక్షల సార్లు జరిగే ఈ డోలనమే ప్లాస్మా డోలనం, దాన్ని లాంగ్మ్యూర్, టాంక్స్ 1929లో వివరించారు. ప్లాస్మా అన్న పేరు పెట్టినది కూడా లాంగ్మ్యూరే, అంతకు ఒక ఏడాది ముందు.

వార్త మోసేది క్షేత్రం. దానిని పుట్టించేదీ ఆ కణాలే, దానికి లోబడేదీ ఆ కణాలే.

ట్యూబ్‌లైటు
నాకు ఒకచోట ఆగింది. కూలుమ్ బలం దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది, కానీ దూరం పెరిగేకొద్దీ ఒక్కో పొరలో ఉండే కణాల సంఖ్య దూరపు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. ఆ లెక్కన విశ్వం చివరనున్న పొరకు కూడా పక్కనున్న పొరకు ఉన్నంత మాట చెల్లాలి కదా? అప్పుడు ఏ ఎలక్ట్రాన్ ఎవరి మాట వినాలి?

లెక్కలపంతులు
సరిగ్గా అడగవలసిన ప్రశ్న ఇది. దూరపు పొరలకు అంత మాట చెల్లుతుంది కాబట్టే అవి ఒకవైపుకు ఒరిగితే సమూహమంతా కదులుతుంది. అవి ఒరగనప్పుడు మాత్రం ధన, రుణ ఆవేశాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, అంతేకాక ప్రతి ఎలక్ట్రాన్ తన చుట్టూ ఉన్న మిగతా ఎలక్ట్రాన్లను కొద్దికొద్దిగా దూరంగా నెట్టి, తన ఆవేశాన్ని తానే కప్పివేసుకుంటుంది. ఈ కప్పు మందమే డెబై దూరం. డెబై, హుకెల్ 1923లో ఉప్పునీటివంటి ద్రావణాల కోసం కనిపెట్టిన లెక్క ఇది, తర్వాత ప్లాస్మాకు ఇంకా బాగా సరిపోయింది. మన అయనోస్ఫియర్ ఉదాహరణలో అది సుమారు 2.2 మిల్లీమీటర్లు.

ఆ వ్యాసార్ధంతో గోళం గీస్తే లోపల సుమారు 45 వేల ఎలక్ట్రాన్లు ఉంటాయి. నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం ఇక్కడ ఉంది: ఏ ఎలక్ట్రాన్‌ను తీసుకున్నా, దాని కప్పును 45 వేల మంది కలిసి నేస్తారు, అదే సమయంలో అది కూడా ఆ 45 వేల మంది కప్పులలోనూ తలా ఒక పోగై ఉంటుంది. ఏ పోగు ఎవరిదని విడదీయలేము. అందుకే డెబై దూరం లోపల చూస్తే విడి కణాలు కనిపిస్తాయి, దానికంటే పెద్ద కొలతతో చూస్తే సమూహమే కనిపిస్తుంది.

రేడియో_రాత్రులు
పంతులు గారు చెప్పిన ఆ 90 లక్షల సంఖ్యను నేను చెవులతో విన్నాను. నాకు హామ్ (అభిరుచి రేడియో) లైసెన్సు ఉంది, 7 మెగాహెర్ట్జ్ బ్యాండులో మాట్లాడుతుంటాను. నిట్టనిలువుగా పైకి పంపిన తరంగం పౌనఃపున్యం 9 మెగాహెర్ట్జ్ కంటే తక్కువైతే, పైనున్న ఎలక్ట్రాన్లు దాని వేగానికి అందుకుని ఊగి దాన్ని వెనక్కి పంపుతాయి. ఎక్కువైతే అవి అందుకోలేవు, తరంగం అంతరిక్షంలోకి వెళ్లిపోతుంది. ఏటవాలుగా పంపినప్పుడు ఇంతకంటే ఎక్కువ పౌనఃపున్యాలు కూడా వెనక్కి వస్తాయి. రాత్రి పొద్దుపోయేకొద్దీ ఎలక్ట్రాన్లు తగ్గి ఆ హద్దు కిందికి దిగుతుంది, దగ్గరి ఊళ్ల వారు ఒక్కొక్కరే వినిపించకుండా పోతారు. చిన్నప్పుడు మా నాన్నగారు షార్ట్‌వేవ్‌లో రేడియో సిలోన్ పెట్టేవారు. ఆ పాటలను మా ఇంటిదాకా దించింది ఒక్క ఎలక్ట్రాన్ పని కాదని ఇప్పుడు తెలుస్తోంది.

నిశాచరి
అందరూ ఇందులో ఏదో కొత్త మహిమ ఉన్నట్టు రాస్తున్నారు, నేను ఒప్పుకోలేకపోతున్నాను. కోట్ల అణువుల సగటు తీస్తే గాలికి పీడనం వచ్చినట్టే, కోట్ల ఎలక్ట్రాన్ల సగటు తీస్తే ప్లాస్మాకు తరంగాలు వస్తాయి. రెండూ గణాంకశాస్త్రమే. సగటుకు సామూహిక ప్రవర్తన అని వేరే పేరు అవసరమా?

నీలికప్పు
నిశాచరి గారి అభిప్రాయాన్నే 1958లో ఒక పెద్ద ఇంజనీరు నమ్మారు, ప్రకృతి ఆయనకు ఇచ్చిన జవాబు చాలా విలువైనది. కాస్త పొడుగు కథ, కానీ ఈ చర్చకు ఇంతకంటే సరైన సాక్ష్యం నాకు తెలియదు.

కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన విలియమ్ గోర్డన్, శక్తిమంతమైన రాడార్‌తో అయనోస్ఫియర్‌లోని విడి ఎలక్ట్రాన్ల నుంచి చెదిరి వచ్చే సంకేతాన్ని పట్టుకోవచ్చని ప్రతిపాదించారు. ఎలక్ట్రాన్లు దేనికదే స్వేచ్ఛగా తిరుగుతున్నాయని ఆయన లెక్కవేశారు. 1000 కెల్విన్ దగ్గర వాటి వేగం సెకనుకు 100 కిలోమీటర్లకు పైన ఉంటుంది కనుక, డాప్లర్ ప్రభావం (కదిలే వస్తువు నుంచి వచ్చే తరంగం పౌనఃపున్యం మారడం) వల్ల సంకేతం చాలా వెడల్పుగా పరుచుకుని పలచబడిపోవాలి. అంత పలచని సంకేతాన్ని పట్టుకోవడానికి పెద్ద పళ్లెం కావాలి, అందుకే ప్యూర్టోరికోలోని అరెసిబోలో 305 మీటర్ల వ్యాసమున్న పళ్లెం కట్టారు.

అది పూర్తికాకముందే, 1958లోనే, కెన్నెత్ బౌల్స్ అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రంలో ఉన్న 41 మెగాహెర్ట్జ్ ప్రసారిణితో ప్రయోగం చేసి ప్రతిధ్వనిని పట్టుకున్నారు. సంకేతం వచ్చింది, కానీ అది గోర్డన్ ఊహించినదానికంటే ఎంతో ఇరుకుగా ఉంది. ఆ వెడల్పు ఎలక్ట్రాన్ల వేగానికి సరిపోలేదు, ఆక్సిజన్ అయాన్ల వేగానికి సరిపోయింది. ఆక్సిజన్ అయాను ఎలక్ట్రాన్ కంటే సుమారు 170 రెట్లు నెమ్మదిగా కదులుతుంది.

రాడార్ తరంగాన్ని చెదరగొట్టేది ఎలక్ట్రాన్లే, అయాన్లు బరువైనవి కనుక దాదాపు స్పందించవు. మరి ఎలక్ట్రాన్లు అయాన్ల వేగంతో కదులుతున్నట్టు ఎందుకు కనిపించాయి? ఆ రాడార్ తరంగదైర్ఘ్యం మీటర్లలో ఉంది, డెబై దూరం మిల్లీమీటర్లలో ఉంది. అంత పెద్ద కొలతతో చూసినప్పుడు రాడార్‌కు విడి ఎలక్ట్రాన్ కనిపించదు, ఒక్కో అయాను తన చుట్టూ కప్పుకున్న ఎలక్ట్రాన్ల మేఘం కనిపిస్తుంది, ఆ మేఘం అయానుతోపాటే నడుస్తుంది. ఏ ఒక్క ఎలక్ట్రానూ ఆ మేఘంలో నిలిచి ఉండదు, క్షణంలో వచ్చి క్షణంలో దాటిపోతుంది, కానీ మేఘం నిలిచి ఉంటుంది. సగటు మాత్రమే అయితే ఎలక్ట్రాన్ల సగటు వేగమే కనిపించి ఉండేది.

సంకేతం ఇరుకైనందువల్ల బలంగా వచ్చింది కాబట్టి అంత పెద్ద పళ్లెం అవసరం లేకపోయింది. అయినా కట్టారు, 1963 నుంచి అది ఖగోళశాస్త్రానికి చేసిన సేవ అందరికీ తెలిసిందే. 2020 డిసెంబరులో అది కూలిపోయినప్పుడు నేను నిజంగా బాధపడ్డాను.

నిశాచరి
ఈ కథ నాకు తెలియదు. సగటు అన్న మాట చాలదని ఒప్పుకుంటున్నాను. ఇంకో సందేహం మిగిలింది: సమూహం నిలిచాక విడి కణానికి ఇక పాత్ర లేనట్టేనా? అలాగైతే ద్రవ సమీకరణాలు రాసుకుని ఊరుకోవచ్చు కదా.

ఉక్కునగరం
ఊరుకోకూడదని 1946లో సోవియట్ భౌతికశాస్త్రవేత్త లాండౌ చూపించారు. అంతకుముందు 1938లో వ్లాసోవ్ ఒక సమీకరణం రాశారు. అందులో అభిఘాతాలు, అంటే కణాలు ఒకదాన్నొకటి ఢీకొనడం, ఉండవు. ప్రతి కణమూ అందరూ కలిసి పుట్టించిన నునుపైన క్షేత్రంలో కదులుతుంది, ఏ వేగంతో ఎన్ని కణాలు ఉన్నాయన్న పట్టికను మాత్రం పోగొట్టుకోదు. ద్రవ సమీకరణం ఆ పట్టికను చెరిపేసి సగటు వేగాన్ని మిగుల్చుతుంది. ఆ పట్టిక ఉంచినందువల్లనే, అభిఘాతాలు లేకపోయినా ప్లాస్మా తరంగం దానంతటదే అవరుద్ధమౌతుందని, అంటే క్రమంగా అణగిపోతుందని లాండౌ లెక్క తేల్చింది.

మా వైపు కదిలే ఆర్టీసీ బస్సు ఎక్కడం చూసినవారికి ఇది చెప్పడం తేలిక. స్టాపులో నిలబడినవాడికి బస్సుతో సంబంధం లేదు, అది దాటిపోతుంది. బస్సుతో దాదాపు సమానంగా పరిగెత్తేవాడే కడ్డీ పట్టుకోగలడు. బస్సు కంటే కాస్త నెమ్మదిగా ఉన్నవాడు పట్టుకుంటే బస్సు వాణ్ని ముందుకు లాగుతుంది, ఆ మేరకు తన శక్తిని ఇస్తుంది. కాస్త వేగంగా ఉన్నవాడు పట్టుకుంటే బస్సునే ముందుకు తోస్తాడు. ఉష్ణ సమతాస్థితిలో ఉన్న ప్లాస్మాలో తరంగ వేగం కంటే కాస్త నెమ్మదిగా ఉన్న కణాలే, కాస్త వేగంగా ఉన్నవాటికంటే ఎక్కువ. అందుచేత మొత్తం మీద తరంగం శక్తిని పోగొట్టుకుంటుంది. వేగంగా ఉన్నవే ఎక్కువయ్యేలా ఒక ఎలక్ట్రాన్ పుంజాన్ని లోపలికి పంపితే, ఇదే యంత్రాంగం తిరగబడి తరంగాన్ని పెంచుతుంది. కోట్ల కణాలు కలిసి నడిపే తరంగం బతకాలా చావాలా అన్నది, దాని వేగానికి దగ్గరగా ఉన్న కొద్ది కణాల చేతిలో ఉంటుంది.

ట్యూబ్‌లైటు
వ్లాసోవ్ సమీకరణంలో కాలాన్ని వెనక్కి తిప్పినా అది అలాగే ఉంటుందని చదివాను. అటువంటి సమీకరణం నుంచి అవరోధం ఎలా వస్తుంది? ఎక్కడో ఏదో పోవాలి కదా.

ఉక్కునగరం
ఏదీ పోదు. మైదానం చుట్టూ పరుగుపందెం మొదలైనప్పుడు అందరూ ఒకే గీత దగ్గర గుంపుగా ఉంటారు, పది చుట్లు తిరిగేసరికి వేగాల తేడాల వల్ల మైదానమంతా సమానంగా పరుచుకుని, గుంపు ఆనవాలే లేకుండా పోతుంది. కానీ ఎవరి వేగం వారికి ఉంది, అందరినీ ఒక్కసారి వెనక్కి పరిగెత్తించగలిగితే మళ్లీ అదే గీత దగ్గర కలుస్తారు. ప్లాస్మాలో ఈ జ్ఞాపకం ఉందని పరీక్షించి చూశారు. మొదట ఒక తరంగాన్ని పుట్టించి అది పూర్తిగా అణగిపోయాక, రెండో తరంగాన్ని పుట్టిస్తే, అది కూడా అణగిపోయిన తర్వాత, ఎవరూ ఏమీ చేయకుండానే మూడో తరంగం లేచి వస్తుంది. దీన్ని ప్లాస్మా ప్రతిధ్వని అంటారు. గూల్డ్, ఓనీల్, మాల్మ్‌బర్గ్ 1967లో ఇది జరుగుతుందని ముందే చెప్పారు, మరుసటి ఏడాది ప్రయోగంలో కనిపించింది.

పెన్నాతీరం
నేను ఇదంతా నా ల్యాప్‌టాప్‌లో చూడాలని కణాల ప్రోగ్రాము రాసుకున్నాను. 20 వేల కణాలు, ఒకే దిశ, పెట్టెను గళ్లుగా విడగొట్టి, ప్రతి అడుగులో కణాల నుంచి ఆవేశం, ఆవేశం నుంచి క్షేత్రం, క్షేత్రం నుంచి మళ్లీ కణాల కదలిక లెక్కించడం, అంతే. తరంగం అన్న పదమే ఆ ప్రోగ్రాములో లేదు. ఎదురెదురుగా పోయే రెండు ఎలక్ట్రాన్ పుంజాలు ఇచ్చి నడిపితే, మొదట రెండు నున్నని గీతలు కనిపించాయి, తర్వాత అవి కొద్దిగా వంకరపోయి, చూస్తుండగానే వేగ–స్థాన పటంలో పెద్ద సుడులుగా చుట్టుకున్నాయి. ఆ రాత్రి నేను నిద్రపోలేదు.

అంతకు ముందు రెండు వారాలు మాత్రం నాకు ఏమీ పాలుపోలేదు. ప్లాస్మా దానంతటదే వేడెక్కిపోయేది. చివరికి తేలినదేమిటంటే, నా గళ్లు డెబై దూరం కంటే చాలా పెద్దవి. పంతులు గారు చెప్పిన ఆ కప్పును నా ప్రోగ్రాము చూడలేకపోవడంతో, లేని శక్తిని పుట్టించింది. గడిని డెబై దూరానికి దగ్గరగా తగ్గించగానే సర్దుకుంది.

సందేహి
ఒక్క రోజులో ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. డెబై గోళం, బౌల్స్ ప్రయోగం నా పాఠంలోకి అప్పుడే వెళ్లిపోయాయి. కానీ నేను మొదట అడిగిన షాక్ తరంగాన్ని అందరూ మరచిపోయారు.

నీలికప్పు
మరచిపోలేదు, దానికి అయస్కాంత క్షేత్రాన్ని తేవాలి. సౌరపవనంలో డెబై దూరం సుమారు 10 మీటర్లు, కాబట్టి అక్కడ కూడా సమూహమే రాజ్యమేలుతుంది. ఆ పవనం తనతో సుమారు 5 నానోటెస్లాల అయస్కాంత క్షేత్రాన్ని మోసుకొస్తుంది. సెకనుకు 400 కిలోమీటర్ల వేగమున్న ప్రోటాను ఆ క్షేత్రానికి అడ్డంగా కదిలితే, సుమారు 800 కిలోమీటర్ల వ్యాసార్ధంతో చుట్టు తిరుగుతుంది. 15 కోట్ల కిలోమీటర్ల స్వేచ్ఛా పథం పక్కన ఈ 800ను పెట్టి చూడండి. కణం ఇంకొక కణాన్ని ఢీకొనకపోయినా, క్షేత్రం దాన్ని అంత తక్కువ దూరంలోనే తిప్పేస్తుంది, అందుకే షాక్ మందం కూడా వందల కిలోమీటర్ల స్థాయిలోనే ఉంటుంది.

అక్కడ విడి కణాల పాత్ర కూడా స్పష్టంగా కనిపిస్తుంది. వచ్చిన ప్రోటాన్లలో కొన్ని షాక్ దగ్గర వెనక్కి తిరిగి, చుట్టు తిరిగి, ఎక్కువ శక్తితో మళ్లీ వచ్చి దాటుతాయి. సౌరపవనం వేడెక్కడంలో ఈ వెనుదిరిగిన కొద్ది ప్రోటాన్లది పెద్ద పాత్ర. గాలిలోని షాక్‌లో అణువులన్నిటికీ ఒకే గతి పడుతుంది, ఇక్కడ కొన్నింటికి ఒక గతి, మిగతావాటికి ఇంకో గతి.

తూర్పుగోదారి
మన ఇస్రో సౌర పరిశోధన నౌక ఆదిత్య ఎల్1 ఉన్నది ఆ షాక్‌కు అవతలే కదా?

నీలికప్పు
అవును, భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, ఇంకా ఏ అడ్డమూ తగలని పవనంలో ఉంది. 2024 జనవరి 6న అక్కడి కక్ష్యలోకి చేరింది. దానిలోని ఆస్పెక్స్, పాపా అనే పరికరాలు వచ్చే కణాలను శక్తినిబట్టి లెక్కబెడతాయి, మాగ్నెటోమీటరు వాటన్నిటినీ కలిపి నడిపే క్షేత్రాన్ని కొలుస్తుంది. ఈ చర్చలోని రెండు పక్షాలూ ఒకే నౌకలో ఉన్నాయి.

రేడియో_రాత్రులు
మన దగ్గర కూడా ఒకటి ఉంది. తిరుపతి దగ్గరి గాదంకి రాడార్ 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది, కాబట్టి సుమారు 2.8 మీటర్ల కొలత ఉన్న హెచ్చుతగ్గులు దానికి కనిపిస్తాయి. సూర్యాస్తమయం తర్వాత కొన్ని రాత్రులు అయనోస్ఫియర్ అడుగున పలచని ప్లాస్మా బుడగలుగా లేచి, బరువైన పొరను చీల్చుకుంటూ పైకి పోతుంది. అప్పుడు వచ్చే ప్రతిధ్వని, బౌల్స్ విన్న ఉష్ణ సంకేతం కంటే ఎన్నో రెట్లు బలంగా ఉంటుంది, ఎందుకంటే ఆ హెచ్చుతగ్గులు యాదృచ్ఛికంగా పుట్టినవి కావు, సమూహం తనంతట తాను పెంచుకున్నవి. ఆ రాత్రుల్లో జీపీఎస్ సంకేతాలు కూడా మిణుకుమిణుకుమంటాయి.

సందేహి
సోమవారం తరగతికి మా గది ట్యూబులైటునే ఉదాహరణగా పెట్టుకున్నాను. ఘనమీటరుకు లక్ష కోట్లకు లక్ష రెట్ల ఎలక్ట్రాన్లు, ఉష్ణోగ్రత 1 ఎలక్ట్రాన్ వోల్టు (సుమారు 11,600 కెల్విన్) అనుకుంటే డెబై దూరం మిల్లీమీటరులో సుమారు 40వ వంతు వచ్చింది, ఆ గోళంలో 5 వేలకు పైన ఎలక్ట్రాన్లు. పంతులు గారూ, ఒకసారి సరిచూస్తారా?

లెక్కలపంతులు
సరిగ్గానే ఉంది. ఒక్కటి కలపండి: గొట్టంలో ఆర్గాన్ వాయువు కూడా ఉంటుంది, దాని పరమాణువులను ఎలక్ట్రాన్లు ఢీకొంటూనే ఉంటాయి. సెకనుకు ఎన్నిసార్లు ఢీకొంటాయో, సెకనుకు ఎన్ని ప్లాస్మా డోలనాలు జరుగుతాయో పిల్లల చేత లెక్కకట్టించి పోల్పించండి. మీ సాంద్రతకు డోలనాలు సెకనుకు 280 కోట్లు వస్తాయి, ఢీకొనడం అంతకంటే చాలా తక్కువ. ఆ రెండో లెక్క కూడా చేశాకే దాన్ని ప్లాస్మా అని పిలవనివ్వండి.